ఆప్తజాలం

తెరమీద ఆ బిందువు ఉదయంనుండి వెలుగుతూనే ఉన్నది. దానినుండి బయలుదేరిన సన్నని రేఖలు రేవు కాలనీని, మంచు మిల్లును, లారీల అడ్డాను దాటి రొయ్యల షెడ్ల దాకా వ్యాపించి ఉన్నాయి. దానివైపు వచ్చే రేఖ మాత్రం ఒక్కటీ లేదు.

డాక్టర్ మందాకిని కుర్చీలోనుండి లేచి కిటికీ దాకా నడిచింది. ఉప్పాడ వైపు పాత రోడ్డును సముద్రం మింగివేసిన తరువాత కట్టిన కొత్త గట్టు మీద అలలు విరిగి పడుతున్నాయి. ఆమె తిరిగి వచ్చి కూర్చున్నది; కూర్చున్నదే గాని నిలువలేక మళ్లీ లేచింది.

“యంత్రం పొరబడిందేమో, ఇంకొక్కసారి చూడండి సాల్మన్ గారూ.”

“చూసిందే చూసి నా కళ్లు మంటలెత్తిపోతున్నాయి మేడమ్,” అన్నాడు సాల్మన్‌రాజు. ఆ యంత్రానికి రూపకల్పన చేసిన ఇంజనీరు అతడే. “తప్పేం లేదు. ఈయన మాట రేవంతా వింటుంది. ఈయన మాత్రం ఎవరి మాటా వినడు. మా మామగారూ ఇంతే. కాకపోతే ఆయన మాట కూడా ఎవరూ వినరు.”

మందాకిని నవ్వలేదు.

వారి యంత్రానికి ఆప్తజాలమని పేరు. హెచ్.ఐ.వి. గురించి చెప్పవలసిన మాటలను గోడలకెక్కించి, వ్యానులకు మైకులు కట్టించి ఏళ్ల తరబడి చెప్పినా, అవి చెవులను తాకి జారిపోయాయే గాని లోపలికి దిగలేదు. మాట సత్యమైనంత మాత్రాన చాలదు, పలికినవాడు ఆప్తుడై ఉండాలని తర్కశాస్త్రం ఏనాడో నిర్ణయించింది. ఎవరికి ఎవరు ఆప్తులో కనిపెట్టేందుకే సాల్మన్ ఒక పూసను తయారుచేశాడు. మణికట్టున నల్లదారంతో కట్టుకునే ఆ పూస మాటలను దాచుకోదు. ఏ గొంతు వినబడినప్పుడు కట్టుకున్నవారి నాడి నెమ్మదించి, ఊపిరి కుదుటపడుతుందో అంతమాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. అట్టి పూసలన్నీ కలిసి చెప్పుకునే కథయే జాలం. అందులో ఎక్కువమంది ఊపిరిని కుదుటపరచే గొంతులను ఏరి, పరీక్షను గురించి, నిరోధ్‌ను గురించి, రోగం రాకుండా వేసుకునే మాత్రను గురించి, వచ్చినవారు మానకుండా వేసుకోవలసిన మందును గురించి వార్తాహరులని పేరు పెట్టి ఆ గొంతులతోనే చెప్పించేవారు. ఏడాది తిరిగేసరికి రేవులో కొత్తగా రోగం అంటినవారు అరుదైపోయారు. పాతవారు మందు మొదలుపెట్టారు.

ఆ పనిలో సగభాగం నూకరాజుది. ఒకప్పుడు రొయ్యల లారీతో కలకత్తా దాకా పోయి వచ్చిన డ్రైవరు. ఇప్పుడు అడ్డాలోనే ఉండి కుర్రవాళ్లకు బళ్లు పురమాయిస్తూ ఉంటాడు. ఏటేటా మాల వేసుకుని కొండకు పోయినవాడు గనుక అందరికీ గురుస్వామి. అతడు “ఎల్లి పరీక్ష చేయించుకోరా” అంటే ఎంతటి మొండివాడైనా మారుమాట లేక బయలుదేరేవాడు. తెరమీది బిందువు అతడిదే.

అతడి సంగతి ప్రపంచంలో తెలిసినవారు ముగ్గురు: అతడు, మందాకిని, సాల్మన్.

పూస కట్టేముందు మందాకిని ప్రతి ఒక్కరికీ ఒక మాట ఇచ్చేది. వారి రక్తపు సంగతి వారి అనుమతి లేనిదే తనను, సాల్మన్‌ను దాటి మరొక చెవిన పడదని. నూకరాజుకూ ఇచ్చింది. పరీక్ష చేద్దామనగానే అతడు గది తలుపు దగ్గరగా వేసి, నిలబడే మాట్లాడాడు.

“అక్కర్లేదండి డాట్రుగోరూ. నాకు తెలుసండి. బెంగాల్లో లారీలోళ్లకి పరీక్షలు పెట్టినప్పుడే తెలిసిందండి.”

“మరి మందు వాడుతున్నారా?”

“ఎలా వాడతానండి? ఆళ్లంతా నన్ను చూసి మంచిదారిలోకొచ్చారండి. నాకే ఉందని తెలిస్తే ఇంక నన్నెవడు నమ్ముతాడండి?”

“మీ ఆవిడ సంగతి?”

అప్పుడు అతడి ముఖంలో చిన్న గర్వం వంటిది మెరిసింది. “దానికేం భయం లేదండి. నాకు తెలిసిన్నాటి నుంచీ మాల దించలేదండి నేను.”

మందాకినికి ఆ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కార్తికంలో అయ్యప్ప మాల. అది దిగగానే శివమాల. తరువాత ఆంజనేయ మాల, గోవింద మాల, దసరాకు భవానీ మాల, మళ్లీ కార్తికం. నలుపు, కాషాయం, పసుపు, ఎరుపు, ఇలా వస్త్రం రంగు మారుతూ వచ్చిందే గాని దీక్ష ముగిసింది లేదు. దీక్షలో ఉన్నవాడు నేలమీద చాప పరచుకుని విడిగా పడుకుంటాడు. భార్యనైనా మాతా అనే పిలుస్తాడు. భార్య అతడిని స్వామీ అని పిలుస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. అడగడానికి ఏమీ ఉండదు. అంటుకుంటుందని భయపడిన మనిషి భార్యను కాపాడుకోవడానికి దేవుళ్లందరినీ వరుసగా కాపలా పెట్టుకున్నాడు.

మందు క్రమంగా వేసుకుంటే రక్తంలో క్రిమి పరీక్షకు చిక్కనంతగా అణిగిపోతుందని, అప్పుడు భార్యకు అంటదని, పిల్లలను సైతం కనవచ్చునని ఆమె ఓపికగా చెప్పింది. అతడు తలవంచుకుని విన్నాడు. “మీరు పెద్ద సదువులు సదివారండి,” అని నమస్కరించి వెళ్లిపోయాడు. ఆ సేపంతా అతడి నాడి ఒక్క క్షణమైనా నెమ్మదించలేదని పూస చెప్పింది.

ఇది గడచిన ఏటి మాట. ఇప్పుడు అతడికి సాయంత్రమయ్యేసరికి జ్వరం, వదలని దగ్గు. చెంపలు లోతుకు పోయాయి. కాలనీవారు ఆ శుష్కించిన దేహాన్ని చూసి తపోమహిమ అని చేతులు జోడిస్తున్నారు. మందు మొదలుపెట్టకపోతే మరుసటి వేసవిని అతడు చూడడని మందాకినికి తెలుసు. అతడి భార్య రక్తంలో ఏమున్నదో ఎవరికీ తెలియదు. అదే మందాకినిని కుర్చీలో కూర్చోనివ్వడం లేదు.

*

రొయ్యల షెడ్డులో పరీక్షా శిబిరం పెట్టించింది మందాకినియే. అందరికీ అన్న పేరుతో ఒక్కరికోసం.

మంచునీళ్లు కారుతున్న పొడవాటి బల్లలకు రెండు ప్రక్కలా చేతి తొడుగులతో ఆడవాళ్లు రొయ్యలు ఒలుస్తున్నారు. ఒక్కొక్కరే వచ్చి వేలు చాపి వెళ్తున్నారు. నూకరాజు భార్య తాయారు మాత్రం బల్ల వదలలేదు.

“రా వొదినా, చీమ కుట్టినట్టుంటాదంతే,” అని ప్రక్కబల్ల లోవలక్ష్మి పిలిచింది.

“నాకెందుకే? రోగం రావాలన్నా ఇంట్లో మొగుడుండాలి గదా. నాకున్నది సామి.”

షెడ్డు గొల్లుమంది.

“నవ్వండే, నవ్వండి. మూడేళ్లయ్యింది. ‘మాతా, మంచినీళ్లు’ అంటాడు. ‘మాతా, దుప్పటి’ అంటాడు. మొన్న నాకూ తిక్కరేగి ‘ఏం కావాలి నాయనా’ అనేశాను. దణ్ణం ఎట్టేశాడే నాకు!”

“పోన్లే వొదినా, మా ఆయనా మాలేసుకుంటే బాగుణ్ణు. ఆ నాలుగు రోజులైనా తాగకుండా ఉంటాడు.”

“నాలుగు రోజులైతే పండగే. నాలుగు దీక్షలైతే తెలుత్తాది.”

మళ్లీ నవ్వులు. అందరికంటె ఎక్కువగా తాయారే నవ్వింది. ఆ నవ్వు అయిపోయిన తరువాత ఆమె చేతిలోని రొయ్య ఒలవకుండానే కొంతసేపు ఉండిపోయింది. మందాకిని దగ్గరకు వెళ్లి, “అందరూ చేయించుకుంటున్నారు కదా తాయారూ, నువ్వు కూడా…” అన్నది.

“వద్దు లెండి మేడమ్మగోరూ. మా సామి వంటి మడిసి ఇంట్లో ఉండగా నేనెల్లి ఆ పరీక్షకి వేలిత్తే, ఆయన్ని అనుమానించినట్టుంటాది. తప్పండి.”

చెప్పవలసిన మాట మందాకిని నాలుక చివరి దాకా వచ్చింది. ఇచ్చిన మాట దానిని అక్కడే పట్టి నిలిపివేసింది.

*

“మేడమ్, ఒకటి దొరికింది,” అన్నాడు సాల్మన్ మరునాడు. “ఈయన చెవి ఎవరికీ ఇవ్వడన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.”

పూస లేనివారి గొంతుకు జాలంలో పేరుండదు. పేరు లేనిదానికి రేఖ గీయడం యంత్రానికి తెలియదు. కాని నూకరాజు పూసలోని నాడిని విడిగా తీసి చూస్తే, ప్రతిదినం తెల్లవారుజామున కొంతసేపు అతడి ఊపిరి పసిబిడ్డ ఊపిరివలె మెత్తబడుతున్నది. ఏదో ఒక గొంతు. ప్రతిరోజూ అదే గొంతు.

“ఏ భజనో, సుప్రభాతమో అయి ఉంటుంది.”

“రికార్డుకి నాడి అంతగా లొంగదు మేడమ్. మనిషే.”

దగ్గుకు మందు ఇచ్చే నెపంతో మందాకిని తెల్లవారుతూ ఉండగానే రేవు కాలనీకి వెళ్లింది. నూకరాజు ఎర్రని వస్త్రంతో అరుగుమీద చాపపై కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇంట్లోనుండి తాయారు గొంతు వస్తున్నది. ఎవరితోనో కాదు, గిన్నెలతో, పొయ్యితో, పిల్లితో.

“ఏవే, నీక్కూడా దీక్షేనా? వెలగవేం? కరెంటు పొయ్యంట, కరెంటు పొయ్యి! దీనికంటే మా అమ్మ కట్టెలపొయ్యి నయం, తిడితే మండేది… ఒసే పిల్లీ, ఆ పాలు సామికే, నీక్కాదు… ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చానో…”

అది స్తోత్రం కాదు, సంగీతం కాదు. కాని ఆ సణుగుడు వింటూ అరుగుమీది మనిషి ముఖంలోని గట్టిదనమంతా కరిగి, పెదవుల మీదికి తెలియని చిరునవ్వు వచ్చి చేరింది. లోకమంతా ఎవని మాటకు తలవంచుతున్నదో ఆ మనిషి తలవంచేది ఈ ఒక్క గొంతుకు. ఆ గొంతుకే సంగతి తెలియదు.

మందాకిని పిలవకుండానే తిరిగి వచ్చేసింది.

“తాయారును మన వార్తాహరుల్లో చేరుద్దాం,” అన్నది ప్రయోగశాలకు రాగానే. “షెడ్డులో చెప్పడానికి పాఠం నేర్పుదాం. ఇంట్లో వల్లె వేసుకుంటుంది. అతను వింటాడు.”

సాల్మన్ కుర్చీ ఆమెవైపు తిప్పాడు. “ఎవరికి చెప్తోందో తెలియకుండా ఆవిడ చేత చెప్పిస్తామా మేడమ్?”

“నేనిచ్చిన మాట తప్పడం లేదు కదా.”

“తప్పట్లేదు. దాని చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు.”

“అతను దగ్గుతున్నాడు సాల్మన్ గారూ! ఆ దగ్గుకు సభ్యత తెలియదు. నేను ఇటు నిలబడి నియమం పాటిస్తూ ఉంటే అటు ఆ మనిషి పోతాడు. ఆవిడకు కూడా ఏమైనా ఉంటే?”

“ఉంటే ముందు ఆవిడకే కదా తెలియాలి,” అని గొణిగి అతడు తెరవైపు తిరిగాడు.

వార్తాహరులకు పుస్తకం ఇవ్వడం వారి పద్ధతి కాదు. పాఠమంతా చిన్న చిన్న వాక్యాలుగా కూర్చి, పూర్వం శ్లోకాలు నేర్పినట్లుగా నోటితోనే సంత చెప్పేవారు. ఒకరు పలికితే పదిమంది ముక్తకంఠంతో పలికేవారు. కాగితం తడిసిపోతుంది, చదువు రానివారు చిన్నబోతారు. కంఠస్థమైన మాట మాత్రం రొయ్యలు ఒలుస్తున్నా వంట చేస్తున్నా నోటి వెంటే ఉంటుంది. తాయారు ఆ సంతపాఠం జరిగిన దినాన పనిలో ఉన్నది గనుక మందాకిని విడిగా ఆమె ఇంటికే వెళ్లి నేర్పింది. నూకరాజు అప్పుడు అడ్డాలో ఉన్నాడు.

“పరీక్షకు భయపడి దాచుకుంటే రోగం పెరుగును. మందు మానక వేసుకుంటే క్రిమి అణగును. పరీక్షకు చిక్కనంత అణగితే ఆలుమగల నడుమ అంటదు. అమ్మ మందు వేసుకుంటే బిడ్డ క్షేమంగా పుట్టగలదు.”

అక్కడితో పాఠం ముగియాలి. తాయారు శ్రద్ధగా తలెత్తి చూస్తున్నది. లోపల ఆత్రం తరుముతూ ఉండగా మందాకిని మరొక వాక్యం చేర్చింది.

“అంటునని ఎడంగా పడుకోవద్దు, ఇల్లాలితో చెప్పుకుంటే ఇద్దరికీ మేలు.”

ప్రాచీన గ్రంథాలలో ఎవరో తరువాత చేర్చిన పద్యాన్ని ప్రక్షిప్తమని పండితులు ఏరి పక్కన పెడతారు. అట్టిది తన చేతులమీదుగానే జరిగిందని ఆమెకు ఆ క్షణంలో తోచలేదు. తాయారు ఆ వాక్యాన్ని కూడా మిగిలినవాటితో సమానంగా, మంచి గొంతుతో వల్లె వేసింది.

“నాకు చదువు రాదనుకున్నానండి మేడమ్మగోరూ. ఇదుగో, ఎలా పట్టేసిందో చూడండి!”

*

మరునాటి తెల్లవారుజామున మందాకిని, సాల్మన్ తెరముందు నిలబడి ఉన్నారు. పూస మాటలను వినదు. అయినా ఏ మాట ఎక్కడ పడుతున్నదో నాడి గతిని చూసి ఊహించవచ్చును.

మొదట రోజూవలె ఊపిరి మెత్తబడింది. ఆ తరువాత ఇంతకు ముందెన్నడూ లేనంతగా నెమ్మదించింది. పాఠం చెవిన పడుతున్నదని, అది లోపలికి దిగుతున్నదని మందాకిని గ్రహించింది. ఏడాదిపాటు తాను చెప్పినా దిగని మాట అది. ఆమె కళ్లు చెమర్చాయి. అంతలో తెరమీది నాడి గీత ఎగసిపడింది. వలలో పడిన చేప వలె కొట్టుకున్నది. తరువాత చదునుగా నిలిచిపోయింది.

“సాల్మన్ గారూ!”

“ఏం కాలేదు మేడమ్, కూర్చోండి, ఊపిరి పీల్చుకోండి. పూస తీసేశాడు, అంతే.”

నూకరాజు ఆ రోజు అడ్డాకు రాలేదు. ఇంట్లోనూ లేడు.

షెడ్డులో మధ్యాహ్నం టీ విరామంలో ఆడవాళ్లు పాఠం అప్పజెప్పుకోవడం మొదలుపెట్టారు. లోవలక్ష్మి ఎత్తుకుంటే అందరూ కలిశారు. “…అమ్మ మందు వేసుకుంటే బిడ్డ క్షేమంగా పుట్టగలదు” అని అందరి గొంతులూ ఒక్కసారిగా ఆగాయి. తాయారు గొంతు ఒక్కటే ఆగకుండా ముందుకు సాగింది. “అంటునని ఎడంగా పడుకోవద్దు, ఇల్లాలితో…”

“అదేటి వొదినా, నీ సొంత కవిత్వమా?”

అందరూ నవ్వారు. ఈసారి తాయారు నవ్వలేదు. చేతి తొడుగులు విప్పి బల్లమీద పడవేసి, సూపర్‌వైజరు పిలుస్తున్నా వినిపించుకోక బయటికి నడిచింది.

*

“ఆ ఆఖరి ముక్క నాకొక్కదానికే ఎందుకు నేర్పారండి?”

తాయారు ప్రయోగశాల గుమ్మంలో నిలబడి ఉన్నది. చేతులనుండి ఇంకా మంచునీళ్ల వాసన వస్తున్నది. మందాకిని లేచి నిలబడింది.

“లోవలక్ష్మికి లేదు. మిగతావోళ్లెవరికీ లేదు. షెడ్డంతా ఆగిపోతే నేనొక్కదాన్నే పిచ్చిదాన్లా వాగుతా ఉండిపోయాను. పొద్దున్న ఆ ముక్క అనగానే అరుగు మీంచి లేచెల్లిపోయాడండి మా సామి. చెప్పులు కూడా ఏసుకోలేదు.”

“తాయారూ, నేను…”

“మాటిచ్చారా ఆయనకి?”

మందాకిని తలవంచుకున్నది.

“చెప్పకండి. మాటిచ్చినోళ్లు చెప్పకూడదు.” తాయారు ఒక అడుగు లోపలికి వేసింది. “మూడేళ్లు మాతా మాతా అంటా ఉంటే, ఆయన పుణ్యాత్ముడు, నేనే పాపిష్టిదాన్ని, నాకే ఇంకా సంసారం మీద యావ చావలేదని ఏడ్చుకున్నానండి. దేవుళ్లందర్నీ తిట్టుకున్నాను. తిట్టినందుకు మళ్లీ మొక్కుకున్నాను. ఇప్పుడు నా నోటితోనే నా మొగుడికి సూది గుచ్చించారు మీరు. నాకొక్కమాట తెలిసుంటే నేనే చెప్పేదాన్ని గదండీ. మెల్లిగా, దగ్గర కూకుని, ఆయన మొహం చూసుకుంటా చెప్పేదాన్ని.”

“తప్పు చేశాను. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు.”

“తప్పో ఒప్పో తరవాత చూద్దాం. మీరు నేర్పింది నిజవేనా? ఆ ఆఖరి ముక్క కూడానా?”

“అక్షరాలా నిజం.”

తాయారు వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. “అయితే చూడండి.”

ఒకటికి మూడు విధాల పరీక్షించారు. సాల్మన్ మూడవది చూసి, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకూ ఆ తుడవడం ఆపలేదు. మందాకిని మోకాళ్లమీద కూర్చుని తాయారు చేతులు పట్టుకుని చెప్పింది. బహుశా అతడికి తెలియకముందే, లారీ మీద తిరిగే రోజులలోనే అంటి ఉంటుందని చెప్పింది. మందు మొదలుపెడితే ఆయుష్షుకు లోటుండదని చెప్పింది.

తాయారు ఆ మాటలు విన్నదో లేదో తెలియదు. తనలో తాను అనుకుంటున్నట్లుగా అన్నది:

“అయితే ఆ చాపా, ఆ అరుగూ, అన్ని ఉపాసాలూ… అంతా ఉత్తినే అన్నమాట.”

కిటికీ బయట అల ఒకటి గట్టుకు కొట్టుకున్నది. తాయారు లేచి ముఖం కడుక్కుని కొంగుతో తుడుచుకున్నది.

“ఎక్కడుంటాడో నాకు తెలుసు. రేపు కార్తిక పాడ్యమి. బంగారయ్య గురువుగోరి దగ్గరకెల్లుంటాడు. మీరూ రండి మేడమ్మగోరూ. మీ పాఠం ఎక్కడిదాకా పోయిందో కళ్లారా చూద్దురు గాని.”

*

పాడ్యమినాటి ఉదయం అయ్యప్ప గుడి మండపమంతా కర్పూరధూమంతో, శరణుఘోషతో నిండి ఉన్నది. నల్లని వస్త్రాలు ధరించినవారు వరుసగా వచ్చి పెద్ద గురుస్వామి బంగారయ్య ఎదుట మోకరిల్లుతున్నారు. తులసిమాలను మెడలో వేయబోయే ముందు ఆయన ప్రతివాని వెంట వచ్చిన తల్లినో భార్యనో చూసి “సమ్మతమేనా అమ్మా?” అని అడుగుతున్నాడు. ఇంటివారి సమ్మతి లేనిది మాల వేయడం ఆ సన్నిధిలో ఆచారం కాదు. వారు తలవూపగానే మాల పడుతున్నది. అది ఎన్నడూ ఆగని లాంఛనం.

నూకరాజు వంతు వచ్చింది. తాయారు ఎక్కడినుండి వచ్చిందో అతడు చూడలేదు. వచ్చి వెనుక నిలబడింది. మందాకిని స్తంభం ప్రక్కన ఆగిపోయింది.

“అమ్మా, నీ భర్త ఇక ఈ మాల దించనంటున్నాడు,” అన్నాడు బంగారయ్య ఆర్ద్రమైన గొంతుతో. “ఇల్లు విడిచి, జీవితాంతం స్వామి సేవలోనే ఉండిపోతానంటున్నాడు. నీకు సమ్మతమేనా?”

“కాదండి.”

శరణుఘోష సగంలో ఆగిపోయింది. ఎవరో “అపచారం, అపచారం” అన్నారు. నూకరాజు తల తిప్పి చూశాడు. భయం నిండిన కళ్లు.

“సామి మీద నాకేం కోపం లేదండి గురువుగోరూ. మీ కాళ్లకి దణ్ణం. ఈయనతో నాకు ఇంట్లో పనుందండి,” అని తాయారు భర్తవైపు తిరిగింది. గొంతు తగ్గించింది గాని దాచలేదు. “ఇదిగో, ఇంకనుంచీ మనిద్దరం ఒకే మందేసుకోవాల. ఎల్దాం, లే.”

చుట్టూ ఉన్నవారికి అది దగ్గుమందు సంగతివలె వినబడింది. పాపం, భర్త ఆరోగ్యం గురించి ఇల్లాలి దిగులు అనుకున్నారు. నూకరాజుకు మాత్రం ఆ మాట అర్థం కావడం మందాకిని కళ్లారా చూసింది. మొదట ముఖంలో రక్తం లేకుండా పోయింది. తరువాత పెదవులు కదిలాయి.

“నీకు… నీకూనా?”

“నాకూ.”

“ఎప్పుడు తాయారూ? నేనసలు… మూడేళ్లు నేను…”

“నీకు తెలీకముందేనంట. ఇంక దాని గురించి ఇక్కడ కాదు. లేవయ్యా, మోకాళ్లు నొప్పెడతాయి.”

అతడు లేవలేదు. రెండు చేతులతో ముఖం కప్పుకుని, ఆ రాతినేల మీద కూలబడి, చిన్నపిల్లవాని వలె వెక్కివెక్కి ఏడ్చాడు. తాయారు వంగి అతడి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. బంగారయ్య చేతిలోని మాలను చూసుకున్నాడు, వారిద్దరినీ చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో ఎవరికీ తెలియదు. మాలను మెల్లగా పళ్లెంలో పెట్టివేశాడు.

“ఇల్లాలు కాదన్నాక నేను వేయలేను నాయనా. వెళ్లు. ఆమె వెంట వెళ్లు.”

*

మందాకిని ఆ మధ్యాహ్నమే తన పై అధికారుల ఎదుట నిలబడి తాను చేర్చిన వాక్యం సంగతి, ఎవరి పేరూ ఎత్తకుండా చేర్చిన కారణం చెప్పివేసింది. ఆప్తజాలాన్ని కొంతకాలం ఆపివేశారు. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆమె అందులో ఉండదని నిర్ణయించారు. అందుకు ఆమె ఏమీ అనలేదు. పూస కట్టుకున్నవారు ఇంటి గడప తొక్కేముందు దానిని తీసి బయట పెట్టాలన్న నియమం సాల్మన్ పట్టుబట్టి పెట్టించాడు. అది తాయారు కోరిన కోరిక. “మీ యంత్రానికి రేవులో మాటలు వినిపించుకోండి. మా వంటింటి మాట మాత్రం వద్దండి,” అన్నదామె. క్షమించానని గాని, క్షమించలేదని గాని అనలేదు. ఎందరో ప్రాణాలు నిలిపిన యంత్రం, తన ఆత్రం, ఈ దంపతుల దుఃఖం, వీటిలో దేనిని దేనితో తూచాలో మందాకినికి తెలియలేదు. నాటినుండి ఆమెకు నిద్ర సరిగా పట్టింది లేదు.

ఆ వారం చివర ఆమె మందుల కేంద్రం గేటు బయట నిలబడి ఉన్నది. లోపలికి వెళ్లే హక్కు ఇక లేదు. ఆటో దిగి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. నూకరాజు తెల్లని చొక్కా వేసుకున్నాడు. వరండాలో బెంచీల నిండా మనుషులున్నారు. లారీ డ్రైవర్లు, మంచు మిల్లు కూలీలు, వలలవాళ్లు. వారిలో సగంమందిని ఇక్కడికి తరిమినది అతడే.

ఒక్కొక్క తలే ఇటు తిరిగింది. నూకరాజు మెట్టు మీద నిలిచిపోయాడు. తాయారు అతడి మోచెయ్యి పట్టుకున్నది గాని లాగలేదు.

బెంచీ మీదినుండి గొర్రెపాటి శీనయ్య అనే ముసలి డ్రైవరు తువ్వాలు దులుపుకుంటూ లేచాడు. నూకరాజును కిందినుండి మీదికి చూశాడు.

“ఏరా, మమ్మల్ని కర్రుచ్చుకుని తోలావు గదరా ఇక్కడికి. నువ్వింత ఆలీసంగానా రావడం?”

నూకరాజు అతడివైపు చూశాడు. “ఇంక నా మాట ఎవడింటాడు మావా?”

“అది తరవాత సంగతి. ముందెల్లి చీటీ తీసుకో, ఆ కిటికీ దగ్గర. ఆ అమ్మాయి పన్నెండు కొట్టగానే మూసేసి పోద్ది.” అతడు బెంచీ వైపు తిరిగి గదమాయించాడు. “ఏటలా గుడ్లప్పగించి చూత్తారు? జరగండెహె. అమ్మాయిని కూకోనివ్వండి.”

బెంచీ మొత్తం, ఒకరినొకరు నెట్టుకుంటూ, గొణుక్కుంటూ జరిగింది. ఇద్దరికి సరిపడినంత చోటు ఏర్పడింది. తాయారు వెళ్లి కూర్చున్నది. చీటీ తీసుకుని వచ్చిన నూకరాజు, అందరూ చూస్తుండగా, ఆమె ప్రక్కన కూర్చున్నాడు.